జంట నిర్వహణ వ్యవస్థల కంప్యూటర్లో బూట్ వైఫల్యాలు: నిదానం, పునరుద్ధరణ

వ్యాససంగ్రహం

ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండింటినీ ఉంచుకొనే అలవాటు హైదరాబాదు ఐటీ ప్రాంతంలో విద్యార్థులకూ ఉద్యోగులకూ చిరపరిచితం. ఒక వ్యవస్థకు వచ్చిన నవీకరణ రెండో వ్యవస్థను తెరుచుకోనీయకుండా చేయడం కూడా అంతే పరిచితమైన అనుభవం. ఇటువంటి వైఫల్యాలలో చాలావరకు సమాచారం చెక్కుచెదరదు. దారి చూపే చిన్న భాగం మాత్రమే తప్పుతుంది. యంత్రం మేల్కొనే క్రమాన్ని వివరించి, లక్షణాన్ని బట్టి కారణాన్ని గుర్తించే పద్ధతిని, 2024 ఆగస్టు నాటి విండోస్ నవీకరణ ఉదంతాన్ని, బాగుచేతలో పాటించవలసిన వరుసను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బూట్, గ్రబ్, యూఈఎఫ్ఐ, సెక్యూర్ బూట్, షిమ్, ఎస్‌బ్యాట్, బిట్‌లాకర్, పుప్పాలగూడ.

1. ప్రస్తావన

పుప్పాలగూడ రంగారెడ్డి జిల్లా గండిపేట మండలంలోని గ్రామం. రాళ్లగుట్టలూ పొలాలూ ఉన్న ఊరు నేడు నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు ఆనుకొని, అపార్టుమెంట్లతో, అద్దె వసతి గృహాలతో నిండిపోయింది. ఇక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ భారత అభివృద్ధి కేంద్రం ఉంది; హైదరాబాదులో ఆ కేంద్రం 1998లో ప్రారంభమైంది. తెలుగులో పనిచేసే గ్నూ/లినక్స్ పంపిణీని రూపొందించిన ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యస్థానం కూడా గచ్చిబౌలి ప్రాంతమే. విండోస్ రూపకల్పనలో పాలుపంచుకొనేవారూ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో పనిచేసేవారూ ఒకే రహదారి మీద రాకపోకలు సాగించే ఈ ప్రాంతంలో రెండు వ్యవస్థలూ ఒకే ల్యాప్‌టాప్‌లో కాపురం చేయడం వింతేమీ కాదు.

విండోస్ లోపలనే లినక్స్‌ను నడిపే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2016లో తీసుకువచ్చాక జంట వ్యవస్థల అవసరం కొంత తగ్గింది. అయినా కెర్నల్ స్థాయి పని చేసేవారికి, యంత్ర పరికరాలతో నేరుగా సంభాషించే ప్రయోగాలు చేసేవారికి, నాలుగైదేళ్ల పాత ల్యాప్‌టాప్‌లో పరిమితమైన మెమరీతో నెట్టుకొచ్చే విద్యార్థులకు విడి వ్యవస్థే అనుకూలం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, విండోస్ 11కు అర్హత లేని యంత్రాలలో లినక్స్‌ను పక్కన చేర్చుకోవడానికి మరొక కారణం ఏర్పడింది.

సమస్య వచ్చిన రాత్రి సాధారణంగా జరిగేది ఒకటే. తెర మీద ఆంగ్లంలో రెండు ముక్కలు, నల్లటి నేపథ్యం, తెల్లవారితే సమర్పించవలసిన పని. ఆ కంగారులో తోచిన ఆజ్ఞలన్నీ వరుసగా ఇవ్వడమో, మరునాడు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోటికి తీసుకువెళ్లి మొత్తం డిస్కును తుడిపించి కొత్తగా విండోస్ ఎక్కించుకోవడమో జరుగుతుంది. అసలు నష్టం సాధారణంగా ఈ రెండో దశలోనే సంభవిస్తుంది. ఆయుర్వేదంలో రోగకారణాన్ని గుర్తించడాన్ని నిదానం అంటారు. వాడుక భాషలో నిదానమంటే తొందరపడకపోవడం. ఈ విషయంలో రెండర్థాలూ అవసరమే.

2. యంత్రం మేల్కొనే క్రమం

పాత పద్ధతిలో, అంటే బయోస్ ఉన్న యంత్రాలలో, డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లే ద్వారపాలకుడు. అందులో 446 బైట్లు ఆజ్ఞలకు, 64 బైట్లు నాలుగు విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్రకు కేటాయించారు. ఆ కొద్దిచోటులో ఒక్క వ్యవస్థ బూట్ ఆజ్ఞలకే స్థానం. లినక్స్ ఉన్న డిస్కులో తరవాత విండోస్‌ను స్థాపిస్తే ఆ 446 బైట్లను విండోస్ తిరిగి రాసుకొనేది. లినక్స్ ఎక్కడికీ పోదు, దాని తలుపు గొళ్లెం మాత్రమే మారిపోతుంది. ‘ముందు విండోస్, తరవాత లినక్స్’ అని సీనియర్లు జూనియర్లకు చెప్పే సూత్రం ఆ కాలపు వారసత్వమే.

కొత్త పద్ధతి యూఈఎఫ్ఐ. ఇందులో డిస్కు మీద ఫ్యాట్32 రూపంలో చిన్న విభాగం ఒకటి ఉంటుంది. దీన్ని ఈఎఫ్ఐ వ్యవస్థా విభాగం అంటారు. విండోస్ తన బూట్ ఫైళ్లను ‘మైక్రోసాఫ్ట్’ అనే సంచయంలో, ఉబుంటు తన ఫైళ్లను ‘ఉబుంటు’ అనే సంచయంలో ఉంచుతాయి. ఒకదాని ఫైలును మరొకటి చెరపవలసిన పని లేదు. మదర్‌బోర్డులోని శాశ్వత స్మృతిలో ఈ ద్వారాల జాబితా, వాటిలో దేన్ని ముందు తెరవాలన్న వరుస నమోదై ఉంటాయి. ఈ వరుస తారుమారు కావడమే ఇప్పటి వైఫల్యాలలో ఎక్కువగా కనిపించే కారణం. జాబితా మొత్తం చెరిగిపోయినప్పుడు ఫర్మ్‌వేర్ ‘బూట్’ అనే సంచయంలోని నిర్ణీత నామం గల ఫైలును ఆఖరి ఆధారంగా వెదుకుతుంది. పెన్‌డ్రైవ్‌ల నుంచి బూట్ కావడం కూడా ఈ మార్గంలోనే.

సెక్యూర్ బూట్ అమలులో ఉన్నప్పుడు మరొక మెట్టు చేరుతుంది. విండోస్ 8 వెలువడిన 2012 నుంచి ఇది విస్తృతంగా వ్యాపించింది. ఫర్మ్‌వేర్ తనకు తెలిసిన సంతకం ఉన్న ఫైలునే నడుపుతుంది. యంత్రాలలో ముందుగా పొందుపరచిన తాళంచెవులు ప్రధానంగా మైక్రోసాఫ్ట్‌వి. లినక్స్ పంపిణీలు తమ గ్రబ్‌కు ప్రతిసారీ ఆ సంస్థ సంతకం తెచ్చుకోలేవు గనుక ‘షిమ్’ అనే చిన్న మధ్యవర్తికి మాత్రం సంతకం పొందుతాయి. ఫర్మ్‌వేర్ షిమ్‌ను నమ్ముతుంది, షిమ్ గ్రబ్‌ను నమ్ముతుంది, గ్రబ్ కెర్నల్‌ను తెరుస్తుంది. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో తెలుసుకోవడమే నిదానంలోని కీలకం.

3. లక్షణాన్ని బట్టి కారణం

యంత్రం ఎంపిక పట్టిక చూపకుండా నేరుగా విండోస్‌లోకి వెళ్లిపోతే గొలుసు తెగలేదు, వరుస మారింది. విండోస్ పెద్ద నవీకరణల తరవాత, ఫర్మ్‌వేర్ నవీకరణల తరవాత ఇది తరచు కనిపిస్తుంది. యంత్రం వెలిగిన వెంటనే డెల్, లెనోవో యంత్రాలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 మీట నొక్కితే ఆ ఒక్కసారికి ద్వారాన్ని ఎంచుకొనే పట్టిక వస్తుంది. అందులో ఉబుంటు పేరు కనిపించి, ఎంచుకోగానే తెరుచుకుంటే సమస్య దాదాపు తీరినట్టే. లినక్స్‌లోని ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ పనిముట్టుతో గాని, ఫర్మ్‌వేర్ అమరికలలో గాని వరుసను సరిచేస్తే చాలు. దీనికోసం గ్రబ్‌ను మళ్లీ స్థాపించడం అనవసర శ్రమ.

పట్టిక వచ్చి అందులో విండోస్ లేకపోతే కారణం వేరు. 2021లో విడుదలైన గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెదికే ‘ఓఎస్-ప్రోబర్’ను భద్రతా దృష్టితో సహజంగా నిలిపి ఉంచుతున్నారు. ఈటీసీ సంచయంలోని డిఫాల్ట్‌లో ఉండే గ్రబ్ అమరికల ఫైలులో ఆ నిషేధాన్ని ‘కాదు’ అని మార్చి, అప్‌డేట్-గ్రబ్ ఆజ్ఞ ఇస్తే విండోస్ తిరిగి కనిపిస్తుంది. విండోస్ పోయిందని కంగారుపడిన అనేకుల విషయంలో జరిగింది ఇంతే.

‘గ్రబ్’ అనే పదం, పక్కన బాణం గుర్తు మాత్రమే ఉన్న నల్లటి తెర మూడో లక్షణం. గ్రబ్ మేల్కొంది కాని తన పట్టిక ఉన్న చోటును కనుగొనలేకపోయిందని దీని భావం. స్థలం చాలక లినక్స్ వద్దనుకొన్నవారు విండోస్ డిస్క్ నిర్వహణలోకి వెళ్లి ఆ విభాగాన్ని తొలగిస్తారు. మరుసటిసారి యంత్రం వెలిగించగానే ఈ తెర ఎదురవుతుంది. ఈఎఫ్ఐ విభాగంలోని గ్రబ్ ఫైలు మిగిలే ఉంది, అది వెదికే ఇల్లు మాత్రం లేదు. అప్పుడు ద్వారాల పట్టిక నుంచి విండోస్‌ను ఎంచుకొని, దాన్నే మొదటి స్థానంలో ఉంచాలి. లినక్స్ విభాగం నిజంగా ఉండి, చిరునామా మాత్రమే మారిన సందర్భంలో ఆ తెర మీదే ఎల్ఎస్ ఆజ్ఞతో విభాగాల జాబితా చూసి, బూట్ సంచయం ఎందులో ఉందో కనిపెట్టి, రూట్, ప్రిఫిక్స్ విలువలను ఆ విభాగానికి నిర్ణయించి, ‘నార్మల్’ మాడ్యూలును ఎక్కించి నడిపిస్తే పరిచితమైన పట్టిక వస్తుంది. అది ఆ ఒక్కసారికే. లోపలికి వెళ్లాక గ్రబ్‌ను సరిగా స్థాపించకపోతే మరునాడు మళ్లీ అదే తెర.

రెండు వ్యవస్థలలో ఒకటి పాత బయోస్ పద్ధతిలోనూ, రెండోది యూఈఎఫ్ఐ పద్ధతిలోనూ స్థాపితమైతే ఏ పట్టికా రెండింటినీ కలిపి చూపలేదు. పాత యంత్రాలలో పెన్‌డ్రైవ్‌ను ఏ పద్ధతిలో తెరిచారో గమనించకపోవడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. లినక్స్‌లో సిస్ సంచయం కింద ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే సంచయం ఉన్నదీ లేనిదీ చూస్తే ప్రస్తుత పద్ధతి తెలిసిపోతుంది.

ఇంటెల్ ప్రాసెసరున్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో లినక్స్ స్థాపన సమయంలో డిస్కు కనిపించదు. డిస్కు నియంత్రణ ర్యాపిడ్ స్టోరేజ్ విధానంలో ఉండటం దీనికి కారణం. ఎవరో చెప్పారని దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చగానే లినక్స్‌కు డిస్కు కనిపిస్తుంది. విండోస్ మాత్రం బూట్ పరికరం అందుబాటులో లేదంటూ నీలితెర చూపుతుంది. ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో తెరుచుకొనేలా నిర్దేశించి, ఆ తరవాతే అమరిక మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో తెరిస్తే తగిన డ్రైవరును విండోస్ తనంతట తానే జతచేసుకుంటుంది. పాత అమరికకు తిరిగి మారిస్తే నీలితెర కూడా తొలగుతుంది.

4. 2024 ఆగస్టు ఉదంతం

పై వైఫల్యాలన్నింటిలో యజమాని చేసిన పనో, స్థాపన క్రమమో కారణంగా ఉంటుంది. 2024 ఆగస్టు 13న వెలువడిన విండోస్ భద్రతా నవీకరణ విషయంలో అలా కాదు. ఏమీ మార్చని వారి యంత్రాలు కూడా మరుసటి బూట్‌లో లినక్స్ ఎంచుకోగానే షిమ్ తాలూకు ఎస్‌బ్యాట్ పరిశీలన విఫలమైందనీ, ఏదో తీవ్రమైన పొరపాటు జరిగిందనీ చూపి ఆగిపోయాయి. విండోస్ యథాప్రకారం తెరుచుకొనేది.

దీని మూలం గ్రబ్‌లో 2022లో బయటపడిన ఒక లోపం. సీవీఈ-2022-2601గా నమోదైన ఈ లోపం తెర మీద అక్షరరూపాలను పేర్చే భాగంలోనిది. ప్రత్యేకంగా తయారు చేసిన ఫాంటు ఫైలుతో స్మృతి హద్దులు దాటించి, సెక్యూర్ బూట్ రక్షణను తప్పించుకొనే అవకాశం ఉండేది. అక్షరాల పేర్పు వంటి అమాయకమైన పని భద్రతాగొలుసును తెంపగలగడం ఆసక్తికరమైన విషయం.

లోపాలున్న పాత గ్రబ్‌లను నిషేధించడం ఎలా? 2020లో బయటపడిన ‘బూట్‌హోల్’ లోపం నాడు ఒక్కొక్క ఫైలు వేలిముద్రనూ నిషేధ జాబితాలో చేర్చవలసి వచ్చింది. మదర్‌బోర్డు స్మృతిలో ఆ జాబితాకు ఉన్న చోటు చాలా తక్కువ. ఆ ఇబ్బంది నుంచే ఎస్‌బ్యాట్ పుట్టింది. ఇందులో ప్రతి భాగానికీ ఒక తరం సంఖ్య ఉంటుంది. ఫలానా తరం కంటె పాతవి చెల్లవని ఒక్క వాక్యంతో చెప్పవచ్చు. ఆ కనీస తరాన్ని ఫర్మ్‌వేర్ స్మృతిలో ఒక చలరాశిగా ఉంచుతారు. షిమ్ మేల్కొనగానే తన సంఖ్యనూ, తాను తెరవబోయే గ్రబ్ సంఖ్యనూ దానితో పోల్చుకుంటుంది. తాను పాతదైతే తనను తానే నిరాకరించుకుంటుంది.

ఆగస్టు నవీకరణ ఈ కనీస తరాన్ని పెంచింది. జంట వ్యవస్థలున్న యంత్రాలకు దీన్ని వర్తింపజేయబోమని మైక్రోసాఫ్ట్ ముందు ప్రకటించింది. అయితే జంట వ్యవస్థలను గుర్తించే పద్ధతి కొన్ని యంత్రాలను పసిగట్టలేకపోయిందని తరవాత ఒప్పుకొంది. సమస్యకు శాశ్వత పరిష్కారం 2025 మే నవీకరణలతో వచ్చింది. నిజానికి బాధ్యత ఒక్కవైపే లేదు. లోపం బయటపడి ఏడాదిన్నర దాటినా, పాత తరం షిమ్‌తోనే స్థాపన ప్రతులను అందించిన పంపిణీలూ ఉన్నాయి. కాని తన ప్రమేయం లేకుండా ద్వారం మూసుకుపోయిన వాడుకరికి ఈ వాటాల లెక్కతో ఒరిగేదేమీ లేదు.

ఈ ఉదంతంలో చాలామందిని తికమకపెట్టిన అంశం మరొకటి. బాగుచేతకు పాత పెన్‌డ్రైవ్ పెట్టినా అదే సందేశం వచ్చేది. పెన్‌డ్రైవ్ చెడిందని భావించి మరొకదాన్ని తయారు చేసుకొన్నా ఫలితం ఉండేది కాదు. నిషేధం ఉన్నది డిస్కులో కాదు, మదర్‌బోర్డు స్మృతిలో. పెన్‌డ్రైవ్‌లోని షిమ్ కూడా పాత తరానిదే అయితే అదీ తిరస్కృతమవుతుంది. డిస్కును పూర్తిగా తుడిచి, అదే పాత ప్రతితో లినక్స్‌ను మళ్లీ స్థాపించాలనుకొన్నవారికి డేటా పోవడమే మిగిలింది, సమస్య తీరలేదు.

సరైన వరుస ఇది. బిట్‌లాకర్ పునరుద్ధరణ సంఖ్యను ముందు చేతిలో ఉంచుకోవాలి. ఫర్మ్‌వేర్ అమరికలలో సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా నిలిపివేయాలి. లినక్స్ తెరిచి మోక్‌యుటిల్ పనిముట్టుతో ఎస్‌బ్యాట్ విధానాన్ని తొలగించే ఆజ్ఞ ఇవ్వాలి. మళ్లీ ఒకసారి లినక్స్‌లోకే బూట్ అయితే షిమ్ ఆ ఆజ్ఞను అమలు చేస్తుంది. అటు పిమ్మట షిమ్, గ్రబ్ ప్యాకేజీలను నవీకరించి, సెక్యూర్ బూట్‌ను తిరిగి అమలులో పెట్టాలి. చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. సెక్యూర్ బూట్ లేకపోయినా పని జరుగుతుంది గనుక నెలల తరబడి యంత్రం అలాగే నడుస్తుంది. నవీకరణ ఏ రక్షణ కోసం వచ్చిందో ఆ రక్షణే పోతుంది.

5. బిట్‌లాకర్: తలుపు కంటె తాళం పెద్దది

బూట్ వైఫల్యంలో సమాచారం సురక్షితమన్న మాటకు ఒక ముఖ్యమైన షరతు ఉంది. విండోస్ 11లో డిస్కు గూఢీకరణ వాడుకరి అడగకుండానే ఆరంభం కావచ్చు. గూఢీకరణ తాళంచెవి టీపీఎమ్ చిప్‌లో ఉంటుంది. యంత్రం మేల్కొనే దారిని ఆ చిప్ కొలిచి, మునుపటి కొలతతో సరిపోలితేనే తాళంచెవిని ఇస్తుంది. సెక్యూర్ బూట్‌ను నిలిపినా, ఫర్మ్‌వేర్‌ను మార్చినా, కొన్ని యంత్రాలలో గ్రబ్ పట్టిక ద్వారా విండోస్‌ను తెరిచినా ఆ కొలత మారి, 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య అడిగే తెర వస్తుంది.

సొంత యంత్రమైతే ఆ సంఖ్య సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ఫోన్లోనైనా తెరిచి చూడవచ్చు. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో ఎవరో స్నేహితుడు తెరిచిపెట్టిన ఖాతా అయితే దాని సంకేతపదమే గుర్తుండదు. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆ సంఖ్య సంస్థ ఐటీ విభాగం వద్ద ఉంటుంది. అటువంటి యంత్రంలో అనుమతి లేకుండా రెండో వ్యవస్థను స్థాపించినవారు ఆ విభాగాన్ని ఆశ్రయించవలసి రావడం వేరే కథ. సంఖ్య ఎక్కడా లేకపోతే ఆ డిస్కులోని సమాచారాన్ని ఏ దుకాణదారుడూ తిరిగి తీయలేడు. అందువల్ల సంఖ్యను కాగితం మీద రాసుకోవడం, ఫర్మ్‌వేర్ అమరికల జోలికి వెళ్లేముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచడం మిగిలిన జాగ్రత్తలన్నింటి కంటె ముఖ్యం. కొలత మారడమే కారణమైతే, గ్రబ్ ద్వారా కాక ఫర్మ్‌వేర్ పట్టిక నుంచే విండోస్‌ను తెరవడం సులువైన మార్గం.

6. బాగుచేత

ముందుగా పని ఫైళ్లను బయటికి తీసుకోవాలి. తాజా లినక్స్ ప్రతితో చేసిన పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలోనే తెరిచి, డిస్కులోని విభాగాలను చదవడానికి మాత్రమే అన్న షరతుతో తెరిచి, కావలసినవి వేరే డిస్కుకు ఎత్తుకోవాలి. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ అమలులో ఉంటే షట్‌డౌన్ చేసినా ఆ వ్యవస్థ పూర్తిగా మూసుకోదు, అర్ధనిద్రలో ఉంటుంది. అప్పుడు దాని విభాగంలో లినక్స్ నుంచి రాయడం ప్రమాదకరం. విండోస్ తెరుచుకొనే స్థితిలో ఉంటే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే పూర్తిగా మూసుకుంటుంది.

గ్రబ్‌ను తిరిగి నెలకొల్పడానికి లినక్స్ మూల విభాగాన్ని పెన్‌డ్రైవ్ వ్యవస్థలో ఒక తాత్కాలిక స్థానంలో జోడించాలి. దాని లోపల బూట్ కింద ఈఎఫ్ఐ స్థానంలో ఈఎఫ్ఐ విభాగాన్ని జోడించాలి. దేవ్, ప్రోక్, సిస్ సంచయాలను, ఈఎఫ్ఐ చలరాశుల సంచయాన్ని కూడా అక్కడికి కలిపి, సీహెచ్‌రూట్ ఆజ్ఞతో ఆ వ్యవస్థలోకి ప్రవేశించాలి. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్, ఆపై అప్‌డేట్-గ్రబ్. ఈఎఫ్ఐ విభాగాన్ని జోడించడం మరచిపోతే స్థాపన లోపం చూపవచ్చు, లేదా ఎవరూ చదవని చోట ఫైళ్లు రాయవచ్చు. రెండోది మరింత చిక్కు, ఎందుకంటే పని విజయవంతమైనట్టే కనిపిస్తుంది.

విండోస్ వైపు చెడితే విండోస్ స్థాపన పెన్‌డ్రైవ్‌లోని ఆజ్ఞల తెర నుంచి ఈఎఫ్ఐ విభాగానికి ఒక అక్షరం కేటాయించి, బీసీడీబూట్ ఆజ్ఞతో బూట్ ఫైళ్లను తిరిగి రాయించవచ్చు. పాత పుస్తకాలు సూచించే ఫిక్స్‌బూట్ కొత్త యంత్రాలలో తరచు అనుమతి నిరాకరణతో ఆగిపోతుంది. ఫిక్స్‌ఎంబీఆర్‌కు యూఈఎఫ్ఐ యంత్రంలో పనే లేదు. ఈఎఫ్ఐ విభాగాన్ని ఫార్మాట్ చేయమన్న సలహా కూడా వినిపిస్తుంటుంది. అది రెండు వ్యవస్థల ద్వారాలనూ ఒక్క దెబ్బకు మూసివేసే చర్య. దానికి ముందు కొన్ని పదుల మెగాబైట్లకు మించని ఆ ఫైళ్ల నకలు తీసుకోవడానికి నిమిషం కూడా పట్టదు.

బాగుచేత ముగిశాక విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనుకబడి ఉండవచ్చు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ సార్వత్రిక కాలాన్ని ఉంచుతుంది, విండోస్ దాన్ని స్థానిక కాలంగా చదువుకుంటుంది. ఉదయం 9:30 గంటలకు తెరిస్తే 4 గంటలు చూపుతుంది. సమావేశాలు తప్పిపోవడం, కాలం సరిపోలక కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోకపోవడం దీని పర్యవసానాలు. ఇది కొత్త వైఫల్యం కాదు; లినక్స్‌లోని టైమ్‌డేట్‌సీటీఎల్ ఆజ్ఞతో స్థానిక కాలాన్నే ఉంచమని చెబితే సరిపోతుంది.

7. 2026 తాళంచెవుల మార్పు

సెక్యూర్ బూట్‌కు ఆధారమైన మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రాలు 2011 నాటివి. వాటి గడువు 2026 జూన్ మొదలుకొని అదే ఏడాది అక్టోబరు నాటికి తీరేలా నిర్ణయమైంది. వాటి స్థానంలోకి 2023 ధ్రువపత్రాలు వచ్చాయి. గడువు తీరిన రోజున యంత్రాలు ఆగిపోతాయన్న ప్రచారం సరికాదు. ఇదివరకే సంతకమైన షిమ్‌ను ఫర్మ్‌వేర్ సాధారణంగా గడువు చూసి తిరస్కరించదు. ఇబ్బంది ఎదురయ్యేది కొత్త షిమ్ వద్ద. 2023 తాళంచెవితో మాత్రమే సంతకమైన స్థాపన ప్రతిని, ఆ ధ్రువపత్రం చేరని పాత యంత్రం సెక్యూర్ బూట్ అమలులో ఉండగా తెరవదు. ఇంకొకరు వాడి వదిలిన ల్యాప్‌టాప్ కొన్న విద్యార్థికి, ఫర్మ్‌వేర్ నవీకరణలు ఎన్నడూ చేయని యంత్రానికి ఇది వర్తిస్తుంది. లినక్స్‌లో మోక్‌యుటిల్‌తో ఫర్మ్‌వేర్ అనుమతి జాబితాను తెరిపించి, అందులో మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్ఐ సీఏ 2023 అన్న పేరు ఉందో లేదో చూడవచ్చు. లేకపోతే తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ నవీకరణను, బిట్‌లాకర్ సంఖ్య రాసుకొన్న కాగితం పక్కన పెట్టుకొని, రెండు వ్యవస్థలూ సక్రమంగా తెరుచుకొంటున్న రోజుల్లోనే పూర్తి చేసుకోవాలి.